అమ్మ అని పిలవని పిల్ల

లూయిస్టన్‌లో ఆ ఉదయం కూడా మంచు పడుతూనే ఉంది. ఇంగ్రిడ్ ఓట్స్ జావ చెంచాతో అందించగానే నాలుగేళ్ళ జూన్ మొహం తిప్పుకుని ఏడుపు లంకించుకుంది. క్లెయిర్ పరుగున వచ్చి పిల్లను ఎత్తుకుంది.

"నా దగ్గర తింటావా, బంగారం?"

జూన్ ఠక్కున ఏడుపు ఆపేసింది.

ఇంగ్రిడ్ చెంచా గిన్నెలో పడేసింది. క్లెయిర్‌తో పెళ్ళయిన ఆరేళ్ళకు ఇద్దరూ ఇష్టపడి పిల్లను దత్తత తెచ్చుకున్నారు. ఏడాది దాటినా జూన్‌కి అమ్మంటే క్లెయిర్ ఒక్కతే.

"నేను కొన్నాళ్ళు మా అక్క దగ్గర ఉంటాను," అంది ఇంగ్రిడ్.

"చిన్నపిల్లతో పంతమేంటి నీకు?"

"పిల్లతో కాదు. ఈ ఇంట్లో మీరిద్దరూ ఒకటి. నేను అద్దెకున్న మనిషిని."

"అలా అనిపిస్తే వెళ్ళు. నేనేం ఆపను."

ఇంగ్రిడ్ మేడ మీదికెళ్ళి బట్టలు సర్దుకోసాగింది. క్లెయిర్ తల్లి లొరెయిన్ వచ్చి గుమ్మంలో నిలబడింది. వీళ్ళ పెళ్ళికి రాని మనిషి. మనవరాలు వచ్చాకే ఈ గడప తొక్కింది.

"మీరన్నట్టే అయింది," అంది ఇంగ్రిడ్. "ఇద్దరాడవాళ్ళ కాపురం నిలవదన్నారుగా."

"అన్నాను. కాదనను." లొరెయిన్ మంచం మీద కూర్చుంది. "మా అబ్బాయి రోజర్‌ని దత్తత తెచ్చుకున్నప్పుడు వాడికి మూడేళ్ళు. వాళ్ళ నాన్న చంక దిగేవాడు కాదు. నేను ముట్టుకుంటే కెవ్వుమనేవాడు. మేం చర్చిలో పెళ్ళాడిన మొగుడూ పెళ్ళాలమే. అయినా నేనూ ఇలాగే పెట్టె సర్దాను."

"మరెందుకు ఆగారు?"

"మా ఆయన పిల్లాడిని నా ఒళ్ళో కూర్చోబెట్టి, 'వీడెంత ఏడ్చినా నేను రాను' అని బయటికి పోయాడు. వాడూ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. రోజూ అదే తంతు. పోనుపోను వాడే దారికొచ్చాడు."

పిల్లను ఎత్తుకుని మెట్ల మీద నిలబడ్డ క్లెయిర్ అంతా విన్నది. లోపలికి వచ్చేసరికి ఆమె కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"ఇది నన్నే కావాలంటుంటే నాకు బాగుండేది, ఇంగ్రిడ్. నువ్వు ఓదార్చేలోపే లాక్కునేదాన్ని. ప్రతిసారీ."

జూన్‌ను ఇంగ్రిడ్ దగ్గర దింపి, వాకిట్లో మంచు ఎత్తిపోయడానికి వెళ్ళిపోయింది. లొరెయిన్ కూడా వెనకే కదిలింది.

పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. ఇంగ్రిడ్ ఎత్తుకోబోలేదు, లేచి పోనూలేదు. పక్కనే నేల మీద చతికిలబడి, చిన్నప్పుడు తన అమ్మమ్మ పాడిన స్వీడన్ జోలపాట మెల్లగా అందుకుంది. కింద నుంచి పార చప్పుడు వినిపిస్తోంది.

చాలాసేపటికి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. జూన్ అమ్మా అని పిలవలేదు. కారుతున్న ముక్కును ఇంగ్రిడ్ చొక్కాకి తుడిచేసుకుని, అక్కడే తల ఆనించింది.

"ఇంకోసారి," అంది.

ఇంగ్రిడ్ మళ్ళీ మొదటి నుంచి పాడింది.