కెల్వాక్ సరస్సు దగ్గర తప్పుకునే జాగా

కెల్వాక్ సరస్సు మలుపులో రాత్రిపూట బండి పెట్టకూడదని, ఇల్లులాంటి బండేసుకుని ఊళ్ళు తిరిగే మోటార్‌హోమ్ వాళ్ళందరికీ తెలుసు.

ఆ రోడ్డు ఒక్క బండి పట్టేంతే. ఒకవైపు కొండ, ఇంకోవైపు నీళ్ళు. ఎదురుగా ఇంకో బండి వస్తే తప్పుకోవడానికి అక్కడక్కడా రోడ్డును కాస్త వెడల్పు చేసి, ఒక తెల్ల పలక పాతి ఉంచుతారు. అదే తప్పుకునే జాగా. మలుపులో ఉన్న జాగాకే ఆ చెడ్డపేరు.

అర్ధరాత్రి దాటాక బండి రేకు మీద మూడుసార్లు తడతారట. తెర తీసి చూస్తే అద్దం మీద తడి అరచెయ్యి ఉంటుందట... మనిషి కనపడదట. "జరుగు... జరుగు..." అని ఒక ఆడగొంతు వినపడుతుందట. పోయినేడు లీడ్స్ నుంచి వచ్చిన ఒక జంట, తెల్లారేసరికి వెనక చక్రం నీళ్ళ మీద వేలాడుతుంటే లోపల ఒకరినొకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు. తెల్లగా ఉన్న ఆడమనిషి వెనక్కి రమ్మని చెయ్యి ఊపిందన్నారు.

క్యాంపుల్లో గిన్నెలు తోముకునే చోట ఈ మాట చెప్పుకోని సాయంత్రం లేదు. నోరీన్ కూడా అక్కడే విన్నది.

అయినా ఆ రాత్రి వాళ్ళ బండి ఆగింది అక్కడే.

నోరీన్, ఆమె మొగుడు క్లిఫర్డ్, బర్న్‌లీ వాళ్ళు. క్లిఫర్డ్ ముప్ఫయ్యేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఉన్న డబ్బంతా పెట్టి ఏడు మీటర్ల బండి కొన్నాడు. లోపలే పొయ్యి, లోపలే మంచం, లోపలే మరుగుదొడ్డి. స్టీరింగ్ మాత్రం నోరీన్‌ని ముట్టుకోనివ్వడు. "ఇది నువ్వు కూరగాయలు తెచ్చుకునే కారు కాదే" అంటాడు.

ఆ రోజు పొద్దుటినుంచీ వాళ్ళకి దిగే చోటు దొరకలేదు. మొదటి క్యాంపులో ఆవిడ గేటు కూడా తియ్యలేదు. "జూన్‌లోనే నిండిపోయాం నాయనా, ఇప్పుడు సెప్టెంబరు" అంది. సముద్రం ఒడ్డున కార్లు పెట్టే చోట ఎత్తైన బళ్ళు దూరకుండా అడ్డంగా ఇనుప కమ్మీ. చర్చి వెనక "రాత్రి బస చెయ్యరాదు" అని బోర్డు. హోటలు ముందు ఆపితే లోపలినుంచి ఒకాయన చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చాడు.

"మీ మరుగుదొడ్డి డబ్బా మా వాగులో పారబోసి పోవడానికేనా? నడువు, నడువు!"

"మేం అట్లాంటివాళ్ళం కాదయ్యా" అంది నోరీన్.

"నిన్న వచ్చినవాళ్ళూ అదే మాటన్నారు."

చీకటి పడింది. మంచు దిగింది. ముందు పది అడుగులు కూడా కనపడటం లేదు. క్లిఫర్డ్ ఎడమచెయ్యి మాటిమాటికీ రుద్దుకుంటున్నాడు. అడిగితే గ్యాసన్నాడు. మలుపులో తెల్ల పలక కనపడగానే బండిని ఆ జాగాలోకి తిప్పి ఇంజను ఆపేశాడు.

"క్లిఫ్... ఇది తప్పుకునే జాగా. ఇక్కడ పెట్టకూడదు."

"బస్సు నడిపినవాణ్ణి, నాకు చెప్తున్నావా? ఈ మంచులో ఎవడొస్తాడు? అయిదింటికి లేచి పోదాం."

"ఇది ఆ జాగా... గిన్నెల దగ్గర చెప్పారే..."

"దెయ్యం వస్తే టీ పెట్టివ్వు. పాలు చాలానే ఉన్నాయి."

అని నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఊపిరి అందక ఆగాడు. కానీ నోరీన్ ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

పన్నెండున్నరకి ధబ్బున చప్పుడైతే ఆమెకి మెలకువ వచ్చింది.

క్లిఫర్డ్ మంచం మీద లేడు. నేల మీద, పొయ్యికీ తలుపుకీ మధ్య, గుండె పట్టుకుని పడి ఉన్నాడు. ముఖమంతా చెమట. పెదాలు బూడిదరంగు.

"క్లిఫ్! క్లిఫ్, నన్ను చూడు!"

"ఏనుగు... నోరీన్... ఏనుగు కూర్చుంది..." అని చేత్తో గుండె చూపించాడు.

ఆస్పిరిన్ బిళ్ళ నోట్లో పెట్టి నమలమంది. ఫోను తీసింది. సిగ్నలు లేదు. కిటికీ దగ్గర పట్టుకుంది, లేదు. చెయ్యి పైకెత్తి పైకప్పుకి ఆనించింది... లేదు. ఆసుపత్రి ఇంకా ముందుకి పోతే పద్దెనిమిది మైళ్ళు, ఆర్డ్‌నష్ రేవులో. ఈ మంచులో, ఈ రోడ్డు మీద, ఎప్పుడూ నడపని బండి.

అప్పుడు తట్టారు.

టక్... టక్... టక్.

నోరీన్ కిటికీ దగ్గరికి జరిగింది. తెర కొంచెం తీసింది. అద్దం మీద అరచెయ్యి. తెల్లగా... తడిగా... అయిదువేళ్ళూ విప్పి.

"జరుగు..." అంది బయటినుంచి గొంతు. "ఇక్కణ్ణించి... జరుగు..."

ఇంకెప్పుడైనా అయితే నోరీన్ భయంతోనే పడిపోయి ఉండేది. కానీ ఆ రాత్రి ఆమెకి భయపడ్డానికి తీరిక లేదు. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని గొంతు చించుకుని అరిచింది.

"పోవే! ఇక్కడ మనిషి పోతున్నాడు! నా మొగుడు పోతున్నాడు! నీకేం కావాలి మా దగ్గర? పో!"

అరచెయ్యి అద్దం మీదనుంచి జారిపోయింది. అడుగుల చప్పుడు... పరుగు... తర్వాత ఏమీ లేదు.

ఆ నిశ్శబ్దం ఎంతసేపు ఉందో నోరీన్‌కి తెలీదు. క్లిఫర్డ్ ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఒకటి వస్తే రెండోది వస్తుందో రాదో తెలీదు. రెండోది వచ్చేదాకా ఆమెదీ ఆగిపోయేది.

ఇట్లా కూర్చుంటే పోతాడు. లేచింది. దుప్పటి మడిచి అతని తల కింద పెట్టింది. డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ముందుకే పోదాం, పద్దెనిమిది మైళ్ళు, ఎట్లాగో...

టక్ టక్ టక్!

ఈసారి ఆమె చెవి పక్కనే. డ్రైవరు అద్దం మీద.

"ముందుకి కాదు!" గొంతు రొప్పుతోంది. "వెనక్కి... వెనక్కి రా..."

లీడ్స్ వాళ్ళు గుర్తొచ్చారు నోరీన్‌కి. వెనక చక్రం నీళ్ళ మీద.

"ఎవరు నువ్వు?"

రొప్పు మాత్రమే. తర్వాత, ఒక్కో మాటా విరిచి విరిచి: "నీ ఆయన... బతకాలంటే... వెనక్కి."

నోరీన్ వెనక్కి తిరిగి చూసింది. క్లిఫర్డ్ కళ్ళు మూసుకుపోతున్నాయి.

దెయ్యమైతే ఏం? ఈ కొండల్లో ఇంకెవరున్నారు ఆమెకి? పొద్దుటినుంచీ మనుషులంతా పొమ్మన్నవాళ్ళే. రమ్మన్నది ఇదొక్కతే.

అద్దం పూర్తిగా దించింది. చల్లటి మంచు లోపలికి వచ్చింది, దానితోపాటు చేపల వాసన. "సరే" అంది ఏడుస్తూ. "చూపించు."

పక్క అద్దంలో తెల్లటి ఆకారం బండి వెనక్కి నడిచి పోయింది. చేతిలో చిన్న వెలుగు. వెలుగు ఊపితే నోరీన్ వెనక్కి పోవాలి. నిలిపితే ఆగాలి. గేరు కరకరమంది. బండి కుదిపింది. ఎడమవైపు నీళ్ళు ఉన్నాయని తెలుసు, కనపడవు. కుడివైపు రాయి రేకుని గీసుకుంటూ పోయింది.

వెలుగు ఊగింది. వెనక్కి.

ఊగింది. ఇంకా వెనక్కి.

"ఎక్కడికి తీసుకుపోతున్నావే... ఎక్కడికి..." అని నోరీన్ గొణుక్కుంటోంది. ఎడమ చక్రం కింద మట్టి జారింది. బండి ఒరిగింది. అలమారలోంచి గిన్నెలు దొర్లాయి. వెలుగు ఆగిపోయింది... తర్వాత మెల్లగా కుడికి, కుడికి రమ్మని ఊగింది. నోరీన్ స్టీరింగ్‌ని ఒళ్ళంతా పెట్టి తిప్పింది. చక్రం మళ్ళీ రోడ్డెక్కింది.

అప్పుడే వెనకనుంచి, మంచులో, రెండు పెద్ద దీపాలు వచ్చాయి.

పెద్ద బండి. నేరుగా ఆమె మీదికే. తెల్లటి ఆకారం ఆ దీపాల ముందు రెండు చేతులూ ఎత్తి నిలబడింది. బ్రేకుల కీచు. తర్వాత వెలుగు విసురుగా పక్కకి ఊగింది. ఇటు! ఇటు! నోరీన్ కళ్ళు మూసుకుని తిప్పింది. చక్రాల కింద గులకరాళ్ళు గరగరలాడాయి. రాతిగోడ, ఒక ఇంటి దీపం, ఎక్కడో గొర్రె అరుపు... ఏదో పెరడు. బండి ఆగిపోయింది.

చేపల లారీ ఆమె ముందునుంచి మెల్లగా దాటిపోయి, వాళ్ళు ఖాళీ చేసిన జాగాలోకి ఒదిగి ఆగింది. దీపాలు రెండుసార్లు ఆర్పి వెలిగించింది. ఆ రోడ్డు మీద దానికి అర్థం ఒకటే... నువ్వు రా, నేను ఆగుతాను.

ముందునుంచి, ఆర్డ్‌నష్ వైపునుంచి, నీలం దీపం వచ్చింది. నోరీన్ ముందుకే పోయి ఉంటే దానికి అడ్డం పడి ఉండేది.

అంబులెన్స్ లారీ పక్కనుంచి సందులో తప్పుకుని పెరట్లోకి తిరిగింది. ఇద్దరు కుర్రాళ్ళు దూకారు. క్లిఫర్డ్ ముక్కుకి గొట్టం, గుండెకి తీగలు. "నాడి ఉంది, ఆడుతోంది, పట్టు!" అన్నాడొకడు. స్ట్రెచరు మీద పోతూ క్లిఫర్డ్ ఒక కన్ను తెరిచాడు.

"గేర్లు... నలిపేశావే..."

నోరీన్ నవ్వబోయి ఏడ్చింది.

అప్పుడు చూసింది. నీలం వెలుగులో, గోడ పక్కన, ఆ తెల్లటి ఆకారం. చేపల ఫ్యాక్టరీలో కట్టుకునే తెల్ల రబ్బరు ఏప్రను. జుట్టు రాలకుండా నెత్తికి వల. మోకాళ్ళదాకా బూట్లు. చలికి దవడ కొట్టుకుంటున్న అరవై దాటిన మనిషి.

"మార్సలీ పెద్దమ్మా!" అన్నాడు అంబులెన్స్ కుర్రాడు. "ఫోన్ చేసింది నువ్వేనా? ఈ మంచులో ఇంటిదాకా పరిగెత్తావా?"

ఆమె తల ఊపింది. ఎవరి వంకా చూడలేదు.

నోరీన్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. మంచుగడ్డల్లా ఉన్నాయి. "మీరు... మనిషే" అంది. "అయితే మరి ఆ తట్టేది... ఇన్నాళ్ళూ..."

"నేనే" అంది మార్సలీ. "అయిదేళ్ళయింది. మా ఆయన ఆ ఇంట్లో, నీ ఆయన మల్లేనే, నేల మీద. అంబులెన్స్ అటునుంచి వచ్చింది. చేపల లారీ ఇటునుంచి. తప్పుకోడానికి ఉన్నది ఆ ఒక్క జాగా. దాంట్లో నీ బండి లాంటి బండి. పరిగెత్తుకుపోయి తట్టాను. జరగమన్నాను. అద్దం మీద అరచేత్తో కొట్టాను..."

"తీయలేదా?"

"దీపం ఆర్పేసి తెర లాక్కున్నారు. లారీ వెనక్కి పోవడానికి నలభై నిమిషాలు పట్టింది."

క్లిఫర్డ్‌ని లోపలికి ఎక్కించారు. "అమ్మా, రండి, రండి" అని పిలిచారు. నోరీన్ చేతులు వదల్లేకపోయింది.

"మర్నాడు వాళ్ళు ఊరంతా చెప్పుకున్నారట" అంది మార్సలీ, "సరస్సు దగ్గర దెయ్యం తట్టిందని. అప్పుడు నాకు తెలిసింది. మనిషినై అడిగితే కదలరు. దెయ్యాన్నైతే కదులుతారు. అందుకే రోజూ... పోయినేడు ఆ లీడ్స్ వాళ్ళు బెదిరిపోయి నీళ్ళ వైపు పోబోతే, ఆగమని చెయ్యి ఊపాను. దాన్ని కూడా వేరేగా చెప్పుకున్నారు."

మొదటిసారి నోరీన్ ముఖంలోకి చూసింది.

"అద్దం దించింది నువ్వొక్కదానివే, తల్లీ."

అంబులెన్స్ కదిలింది. వెనక తలుపు అద్దంలోంచి, నీలం దీపం వెలుగులో, నోరీన్ చూస్తూనే ఉంది. లారీ అప్పటికే ముందుకి వెళ్ళిపోయింది. జాగా ఖాళీ అయింది. మార్సలీ ఇంట్లోకి పోలేదు. టార్చి ఆర్పేసి, ఏప్రను తాడు బిగించి కట్టుకుని, ఆ ఖాళీ జాగా వైపు మంచులోకి నడిచిపోతోంది.