కాగితంలో లేని రెండు టన్నులు

"డెబ్భై రెండా! నేను పక్కన కూర్చుంటే నత్తలా నడిపేవాడివి కదా, రెనాన్?"

కొచబాంబా జైల్లో ములాఖత్ బల్ల మీద పోలీసు రిపోర్టు విసిరింది మాగాలి. బళ్లో ఫిజిక్స్ చెబుతుంది. నేను పెళ్లాడాలనుకున్న పిల్ల.

"నువ్వుంటే త్వరగా ఇల్లు చేరడమెందుకని..."

"నవ్వులాటగా ఉందా? మనిషి పోయాడు!"

కొండ దిగుతూ, ఆగివున్న నీళ్ల ట్యాంకరును నా బంగాళాదుంపల లారీతో గుద్దాను. దాని ముందు రోడ్డు పని చేస్తున్న తోరిబియో అక్కడికక్కడే చనిపోయాడు. ట్యాంకరు ఎంత దూరం జరిగిందో కొలిచి, నా లారీ ద్రవ్యవేగం లక్షా ఇరవై వేలని పోలీసులు తేల్చారు.

మాగాలి పెన్ను తీసింది. "దాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే వేగం వస్తుంది. లారీ, సరుకు కలిపి ఆరు వేల కిలోలైతే, సెకనుకు ఇరవై మీటర్లు. అంటే గంటకు డెబ్భై రెండు. అక్కడ అరవై దాటకూడదు. ఎనిమిదేళ్లు వేస్తారట. ఈ ఆరు వేలు ఎవరు చెప్పారు?"

"సరుకు కాగితంలో ఉంది."

"బంగాళాదుంపలన్నీ అందులో రాశావా?"

"లేదు" అన్నాను. మా లారీవాళ్లం కాబోయే అత్తగారి పంటను కిరాయి లేకుండా, కాగితంలో ఎక్కించకుండా తెస్తాం. రాస్తే పరాయివాళ్లను చేసినట్టే. మాగాలి తల్లి దోన్యా ఫెలిపావి నలభై బస్తాలు అలాగే వేసుకున్నాను. అన్నీ లోయలో పడిపోయాయి.

"మా అమ్మవా?" మాగాలి గబగబా లెక్క వేసింది. "రెండు టన్నులు! ఎనిమిది వేలతో భాగిస్తే పదిహేను. గంటకు యాభై నాలుగే. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీ అమ్మను కోర్టుకు లాగుతారు. ఆ బరువుకే బ్రేకు పట్టలేదు మాగాలీ. ఎలా చూసినా చంపింది నేనే."

"అవును, నువ్వే. అయినా చెయ్యని తప్పుకు నిన్ను లోపల ఉండనివ్వను. నువ్వంటే నాకు ప్రాణం, మొద్దూ!"

విచారణ రోజు దోన్యా ఫెలిపా వచ్చింది. బస్తాలు వెయ్యనిచ్చింది గానీ, పెళ్లికి ఏనాడూ ఊ అనలేదు ఆవిడ.

"ఆ నలభై బస్తాలు నావేనయ్యా" అంది.

"కాగితంలో ఎందుకు రాయలేదు?" అన్నాడు జడ్జి. "అతను మీకేమవుతాడు?"

ఆవిడ నా వైపు చూసింది. "అల్లుడు."

వేగం అరవై లోపేనని తేలి, శిక్ష మూడేళ్లకు తగ్గింది. అల్లుడన్న ఆ ఒక్క మాట కోసం రెండేళ్లు ఆవిడ గుమ్మం చుట్టూ తిరిగాను. ఇప్పుడు ఆ మాట చెవినపడింది. నల్లబట్టల్లో తోరిబియో భార్య ఎదురుగా కూర్చుని ఉంది. నేను సంతోషపడలేకపోయాను.