వత్తి దింపినా దిగని మంట

కిటికీ సందులో గుడ్డ కుక్కి, తలుపు బిడాయించుకుని, కిరసనాయిలు హీటరు ముందు వెచ్చగా కూర్చున్నావే, నీకు బుద్ధి లేదా? గాలి ఆడాలని ఎన్నిసార్లు చెప్పాలి? వత్తి మీద మసి గట్టిపడితే గీకెయ్యాలి. నిలవున్న ఆయిలు తీసెయ్యాలి. బద్ధకించినవాడికి ఏమవుతుందో నేను చూశాను. విను.

మా తమ్ముడికి ఒళ్లు వంచడం తెలియదు. పోయిన చలికాలం, మంచం పట్టిన అమ్మ గదిలో హీటరు పొగలు కక్కుతున్నా వత్తి ముట్టుకోలేదు. "ఊపిరాడటం లేదురా, ఆ కిటికీ కాస్త తియ్యి" అని అమ్మ అడిగిందట. "తీస్తే వేడంతా వీధిపాలవుతుంది, పడుకో" అని, ఉన్న సందులోనూ గుడ్డ కుక్కాడు. తెల్లారేసరికి అమ్మ లేదు. ఈ సంగతి వాడే నాకు చెప్పాడు, వీధి తలుపు వెయ్యడం మరిచిపోయినంత తేలిగ్గా.

ఈ చలికాలం ఆ గదిలోనే, ఆ హీటరు ముందే పడక వేశాడు. ఒక సాయంత్రం నన్ను పిలిపించాడు.

"అక్కా, ఇది ఆరడం లేదు."

"వత్తి గీకావా?"

"నీ పాఠం తర్వాత చెబుదువుగాని. ముందు ఆర్పు."

నాబ్ తిప్పాను. వత్తి కిందికి దిగింది. మంట దిగలేదు. పంపుతో ఆయిలంతా తోడేశాను. అయినా నీలంగా, నిలకడగా మండుతూనే ఉంది. గదినిండా మాడిన వత్తి కంపు. ఆ కంపులో కలిసి, అమ్మ మోకాళ్లకు రాసుకునే తైలం వాసన...

మంటలోంచి సన్నగా దగ్గు వినిపించింది.

తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా... కిటికీ తియ్యి" అని గొణిగాడు. కుక్కిన గుడ్డ లాగాను. రాలేదు. గడియ కదల్లేదు. మంట మీద పొయ్యడానికి ఇసుక తెద్దామని బయటికి పరుగెత్తాను.

నా వెనకే తలుపు మూసుకుంది.

భుజంతో గుద్దాను. కిటికీ వైపు వెళ్లి ఇటుకతో అద్దం మీద కొట్టాను. ఇటుక ముక్కలైంది. అద్దం చెక్కుచెదరలేదు. లోపల వాడు నోరు తెరిచి... గాలి కోసం... ముఖం అద్దానికి ఆనించాడు. ఏదో అన్నాడు. వినబడలేదు. పెదవులు చూస్తే తెలిసింది. ఊపిరాడటం లేదక్కా.

చూస్తూ నిలబడ్డాను. నా చేతిలో ఇంకేమీ లేదు.

వాడు ఒరిగిపోయాక తలుపు దానంతటదే తెరుచుకుంది. మంట ఆరిపోయి ఉంది. హీటరు గాజు గొట్టం లోపల నల్లగా మసి. ఆ మసిని లోపలి వైపు నుంచి ఎవరో ఐదు వేళ్లతో తుడిచారు. ఆ గొట్టం పైనున్న జాలీలోంచి నా చిటికెనవేలు కూడా దూరదు.

తల్లికి ఇవ్వని గాలికి మా తమ్ముడు చెల్లించిన వెల అది. ఆ వేళ్లు ఎవరివో నన్ను అడక్కు.