టెస్ట్ కేస్ నలభై ఒకటి

"మాట్లాడకు షారూ. గోటితో మైక్ మీద కొట్టు. ఒకటి కొడితే అవును. రెండు కొడితే కాదు."

స్టీఫెన్ బైక్ నడుపుతూనే మాట్లాడుతున్నాడు. ఫోన్ హెల్మెట్‌కీ చెంపకీ మధ్య ఇరుక్కుని ఉంది.

ఒక సెకను నిశ్శబ్దం...

టక్.

బతికే ఉంది!

ఈ యాప్‌లో మాట అవతలికి చేరాలంటే ఆ సెకను పడుతుంది. నెట్ కాల్ మరి. అతని కంపెనీ తయారుచేసిన యాప్ అది, టెస్టర్ అతనే. ఆ సెకను తగ్గించండి బాబూ అని మీటింగుల్లో ఎన్నిసార్లు మొత్తుకున్నాడో! ఎవరికి పట్టింది? ఒక్క సెకనుకి ఎవరి ప్రాణాలు పోతాయండీ అని నవ్వారు.

"వాడు కనిపిస్తున్నాడా?"

టక్. టక్.

"అడుగులు వినిపిస్తున్నాయా?"

టక్.

స్టీఫెన్ బైక్ వేగం పెంచాడు.

సాయంత్రం ఆరున్నర. సకల జనుల సమ్మె మొదలై నాలుగో వారం. బొగ్గు రావడం లేదు, అందుకే కరెంటు లేదు. బస్సులు అసలే లేవు. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో జనరేటర్ ఉన్న అంతస్తులు మాత్రమే వెలుగుతున్నాయి.

షారోన్ నర్సు. అతని భార్య. పెళ్లయి పద్నాలుగు నెలలు.

మొన్న ఆమె వార్డులో ఐలయ్య అనే ముసలాయన పోయాడు. కోకాపేటలో తన రెండెకరాలు చచ్చినా అమ్మనని భీష్మించుకున్న మనిషి. గుండె ఆగిపోయిందని రాశారు. కానీ సెలైన్ గొట్టంలో సూది గుచ్చి జారుకున్న గళ్ల చొక్కావాణ్ణి షారోన్ కళ్లారా చూసింది. చూసి ఊరుకునే రకమా! వెళ్లి పోలీసులకి చెప్పొచ్చింది. ఎవరు మోశారో గానీ ఆ కబురు గళ్ల చొక్కాకి చేరింది.

ఈ సాయంత్రం డ్యూటీ దిగి, బస్సు లేక, షేర్ ఆటో ఎక్కింది.

అందులో ముందే కూర్చుని ఉన్నాడు వాడు.

ఆమె ఫోన్ లాక్కున్నాడు. పిస్తోలు చూపించి, డ్రైవర్ని బెదిరించి కోకాపేట దాకా లాక్కుపోయాడు. అక్కడ ఆటో చక్రం గోతిలో దిగబడింది. షారోన్ దూకింది. పరిగెత్తింది. పని ఆగిపోయిన ఓ టవర్ మొండిగోడల మధ్యకి దూరిపోయింది.

ఆమె కోటు జేబులో రెండో ఫోన్ ఉందని వాడికి తెలియదు.

ఆఫీసు టెస్ట్ ఫోన్ అది. నాలుగు రోజులు వాడి ఏమన్నా తేడాలుంటే చెప్పమని స్టీఫెనే ఇచ్చాడు. తోడుగా ఓ బ్లూటూత్ హెడ్‌సెట్. అందులో ఉన్నది నెట్ సిమ్ ఒక్కటే, మామూలు కాల్ పోదు, రాదు. యాప్ ఒక్కటే దిక్కు. అందులోనే గుసగుసగా అతనికి సంగతంతా చెప్పింది. మెసేజ్ టైప్ చేద్దామంటే స్క్రీన్ వెలుగు చీకట్లో ఊరంతా కనిపిస్తుంది.

అందుకే ఫోన్ జేబులో. హెడ్‌సెట్ చెవిలో. మాట సరిగ్గా వినపడటం లేదని ఆమె మొదట్లో గొణిగితే, ఫోన్ పక్క బటన్ నొక్కి సౌండ్ మొత్తం పెంచుకోమన్నాడు. పెంచుకుంది.

బయల్దేరేటప్పుడు ఆఫీసు లాండ్‌లైన్ నుంచి వందకి ఫోన్ చేశాడు. బళ్లన్నీ బందోబస్తులో ఉన్నాయట. నలభై నిమిషాలట!

గచ్చిబౌలి చౌరస్తా...

సడన్ బ్రేక్!

రోడ్డుకి అడ్డంగా రాళ్లు, రాళ్ల వెనక పొయ్యిలు. వంటా వార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతోంది. జెండాలు, డప్పులు, వందల మంది. ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన చేతిలో గరిటెతో అడ్డమొచ్చాడు. యాభై ఏళ్లు దాటి ఉంటాయి.

స్టీఫెన్ హెల్మెట్ తీసి, ఫోన్ మైకు అరచేత్తో మూసి, సంగతంతా ఒక్క గుక్కలో చెప్పాడు. చెబుతుంటే ఏడుపొచ్చేసింది. సిగ్గుపడలేదు.

"మీదేవూరు?" గుంపులోంచి ఎవరో అడిగారు.

అబద్ధం చెప్పొచ్చు. యాస పట్టేస్తారు.

"తెనాలండి."

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఖాకీ చొక్కా ఆయన గరిటె పక్కవాడి చేతిలో పెట్టాడు.

"ఆడపిల్ల పానం మీదికొస్తే ఊరు అడుగుతరార? జరుగుండ్రి జర." బైక్ వెనక ఎక్కి కూర్చున్నాడు. "నడువు బిడ్డా. గా టవర్ నాకెరుకే."

దారిలో చెప్పాడు. పేరు రాములు. ఆర్టీసీ కండక్టరు. సమ్మె లేని రోజుల్లో ఆయన బస్సు ఆఖరి స్టాపు ఆ టవర్ ముందేనట. మెయిన్ రోడ్డు వదిలించి, ఔటర్ రింగ్ రోడ్డు పక్క మట్టిదారి పట్టించాడు. గుంతలు, కంకర, చీకటి. స్టీఫెన్ లైటు ఆర్పేసి నడుపుతున్నాడు.

"ఎన్నో అంతస్తు షారూ? లెక్కపెట్టి కొట్టు."

టక్. టక్. టక్... తొమ్మిది.

"గుడ్. పది నిమిషాల్లో నీ దగ్గరుంటా."

అప్పుడు ఆమె గొంతు వచ్చింది. ఊపిరి మాత్రమే అనిపించేంత సన్నగా.

"చెవిలో బీప్ వస్తోంది స్టీఫెన్... మూడేసి సార్లు."

హెడ్‌సెట్ బ్యాటరీ. రెండు రోజులుగా ఇంట్లో కరెంటు లేదు, చార్జింగ్ ఎక్కడిది?

"కట్ చేసెయ్యనా? భయంగా ఉంది."

"వద్దు. వాడు ఎటున్నాడో నాకు తెలియాలి. హెడ్‌సెట్ ఆగిపోయినా ఏం కాదు షారూ. నా మాట ఫోన్ చిన్న స్పీకర్లోకి వస్తుంది, చెవికి ఆనించుకుంటే తప్ప వినపడదు. నేనే టెస్ట్ చేశా. నన్ను నమ్ము."

ఒక సెకను.

టక్.

టవర్ వచ్చేసింది. ఇరవై అంతస్తుల మొండి కాంక్రీటు. గోతిలో వాలిన ఆటో, లోపల ఎవరూ లేరు, డ్రైవరు పారిపోయినట్టున్నాడు. బైక్ దూరంగా పడేసి, హెల్మెట్ విసిరేసి, ఇద్దరూ మెట్లెక్కుతున్నారు. మెట్లకి రెయిలింగ్ లేదు. గోడ తడుముకుంటూ... ఒకటి... రెండు...

నాలుగో అంతస్తు. రాములు ఆయాసపడుతున్నాడు, ఆగడం లేదు.

అయిదు.

పైన ఎక్కడో టార్చి వెలుగు. ఏడో అంతస్తు దగ్గర అటూ ఇటూ తిరుగుతోంది. కిందికి దిగుతోంది. ఆరు! వాడు వెతకడం మానేసి వెనక్కి పోతున్నాడు!

దేవా, ఇంకొక్క రెండు నిమిషాలు...

స్టీఫెన్ ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. శబ్దం మారింది. ఇందాకటి దాకా ఆమె ఊపిరి ఒక్కటే వినిపించేది. ఇప్పుడు గాలి హోరు. ప్లాస్టిక్ పట్టాలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఇదంతా ఎక్కడిదని ఒక్క క్షణం ఆగి ఉంటే... ఆగలేదు. ఆమెకి గుసగుసగా ధైర్యం చెప్పాలి, అంతే!

"వచ్చేశా షారూ. వాడు వెళ్లిపోతున్నాడు. కదలకు."

ఒక సెకను.

పైనుంచి, ఖాళీ అంతస్తులన్నీ మారుమోగేలా...

"వచ్చేశా షారూ. వాడు వెళ్లిపోతున్నాడు. కదలకు."

టార్చి ఆగిపోయింది.

రాములు అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా... గా గొంతు నీదే గదా?"

టెస్ట్ కేస్ నలభై ఒకటి.

కాల్ మధ్యలో హెడ్‌సెట్ బ్యాటరీ పూర్తిగా అయిపోతే మాట ఎందులోకి పోతుంది? బ్యాటరీ దానంతటది అయిపోయేదాకా కాచుకోవాలి. అయిదు గంటలు. టెస్ట్ చేసిన రోజు మధ్యాహ్నమే రోడ్లు మూసేస్తారన్నారు. షారోన్‌ని డ్యూటీ నుంచి తొందరగా తీసుకురావాలి. అందుకని బటన్ నొక్కి హెడ్‌సెట్ ఆఫ్ చేశాడు. మాట చిన్న స్పీకర్లోకే వచ్చింది. రెండూ ఒకటేలే అనుకున్నాడు. పాస్ అని టిక్కు పెట్టి, బ్యాగు సర్దుకుని, దారిలో ఆమె కోసం మల్లెపూలు కూడా కొన్నాడు.

రెండూ ఒకటి కాదు! బ్యాటరీ దానంతటది అయిపోతే మాట పెద్ద స్పీకర్లోకి పోతుంది.

టార్చి వెనక్కి తిరిగింది. ఏడు. ఎనిమిది. వాడు పరిగెడుతున్నాడు.

స్టీఫెన్‌కి కాల్ కట్ చెయ్యాలని తోచలేదు. వాణ్ణి తన వైపు తిప్పుకోవాలన్నదొక్కటే తోచింది. మెట్లెక్కుతూ గొంతు చించుకుని అరిచాడు.

"ఒరేయ్! ఇక్కడున్నానురా! ఇటు రా!"

టార్చి తటపటాయించింది. కిందికి వాలింది. ఒక్క సెకను...

అప్పుడు తొమ్మిదో అంతస్తులో షారోన్ జేబు అరిచింది.

"ఒరేయ్! ఇక్కడున్నానురా! ఇటు రా!"

వాడికి రెండు గొంతులు వినిపించాయి. ఒకటి కింద మెట్ల మీద. ఒకటి పక్కనే.

ఢాం!

మెట్లన్నీ అదిరాయి. పావురాలు గుంపుగా లేచాయి. స్టీఫెన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

చెవిదగ్గర ఫోన్‌లో ఇంకా ఆమె ఊపిరి వినిపిస్తోంది. అంతా బాగానే ఉంది. తుపాకి ఇంకా పేలలేదు. ఆ ఒక్క సెకను షారోన్ అతనికి బతికే ఉంది.

ఢాం.

రాములు అతన్ని దాటుకుని పైకి పరిగెత్తాడు. ఆగమని వాణ్ణి తిడుతున్నాడు. స్టీఫెన్ లేవలేకపోయాడు. ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాడు.

"షారూ... ఒకటి కొట్టు. ఒక్కటి కొట్టమ్మా."

సెకను తర్వాత పైన అతని గొంతే అడిగింది. ఒక్కటి కొట్టమ్మా.

గోటి చప్పుడు రాలేదు.