లెవిన్ పెట్టెలో పసుపు చుక్కలు

హాసిని తలుపు తట్టలేదు, గుద్దింది. అసిస్టెంట్ దినేశ్ తీసేసరికి ఇంగ్లండ్‌లోని లీడ్స్ చలిలో కోటు కూడా లేకుండా వణుకుతోంది. చేతిలో ఒక పాత కామిక్స్ అట్ట. దానిమీది సైనికుడి ముఖం కత్తిరించి ఉంది.

"ఇది మూడోది, ఆంటీ," అంది డిటెక్టివ్ శాంతకుమారితో. "పొద్దుగాల లెటర్‌బాక్స్‌ల ఏసి పోయిన్రు."

అట్ట వెనక ఇంగ్లీషులో ఒకే బెదిరింపు: ఈ సాయంత్రంలోగా పెట్టె తగలబెట్టు, లేకపోతే ఇల్లు తగలబడుతుంది.

హాసిని మాస్టర్స్ చదువుతూ, ఎనభై ఎనిమిదేళ్ల సాల్ లెవిన్ ఇంట్లో అద్దెకుంటోంది. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన యూదు వీరుల కామిక్స్ ఆయన ప్రాణం. ఆ వీరుల్లో ఒకరు ఆయన తండ్రే. తండ్రి కథ ఉన్న ఆ ఒక్క సంచికా దిండు కింద ఉంటుంది, మిగతావన్నీ పెట్టెలో. ఇదంతా హాసిని పనేనని పొరుగింటి గ్రాహమ్ అంటున్నాడు. పోలీసు కేసైతే వీసా పోతుందని ఆమె భయం.

పెట్టె బయటికి వెళ్లింది రెండేసార్లు. ఆగస్టులో ఆమె క్లాస్‌మేట్ క్రాంతి స్కాన్ చేయడానికి తీసుకెళ్లాడు. నవంబరులో గ్రాహమ్, ప్రదర్శనకు ఫొటోలు తీస్తానని.

"ఇంకోటి చెప్పాలె," హాసిని తల దించుకుంది. "దసరాకు మా ఇంట్ల పుస్తకాలకు పసుపు పెడతం. అట్లనే పెట్టెల ఉన్నవాటికి ఒక్కో చుక్క పెట్టిన. అంత విలువైనవని తెల్వక. ఆయనకు తెలిస్తే ఖాళీ చేయమంటడు."

దినేశ్‌కు నవ్వొచ్చింది. శాంతకుమారి మాత్రం అప్పటికే కోటు తొడుక్కుంటోంది.

వాళ్లు వెళ్లేసరికి లెవిన్ పెరట్లో పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. గీసిన అగ్గిపుల్ల గాలికి ఆరిపోతోంది. గ్రాహమ్ పక్కనే నిలబడి, ప్రాణం కన్నా కాగితాలు ఎక్కువా అని నచ్చజెబుతున్నాడు.

శాంతకుమారి అగ్గిపెట్టె తీసేసుకుంది. క్రాంతిని పిలిపించి, అందరినీ వంటింట్లో కూర్చోబెట్టింది. సబ్బునీళ్లలో దూది ముంచి ఒక పుస్తకం వెనకున్న పసుపు చుక్కమీద అద్దింది. చుక్క పచ్చగానే ఉంది. మరో రెండింటిమీదా అంతే. తర్వాత హాసిని డబ్బాలోంచి చిటికెడు పసుపు కాగితంమీద రాసి అద్దింది. అది నెత్తురులా ఎర్రబడింది.

దినేశ్ ముందుకు వంగి చూశాడు.

"పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. వీటి మీదున్నది పసుపు కాదు, పసుపు ఫొటో," అంది శాంతకుమారి. "ఇవన్నీ నకళ్లు. క్రాంతి స్కాన్ చేసింది ఆగస్టులో, దసరాకు పుస్తకాలను పూజిస్తూ హాసిని పెట్టిన చుక్క అప్పటికి లేనేలేదు. దసరా తర్వాత పెట్టె వెళ్లింది ఒక్కరింటికే. పాత మరక అనుకుని చుక్కతో సహా అచ్చేశారు, కదా గ్రాహమ్? ఈయన భయపడి తగలబెడితే, అసలువి ఏమయ్యాయని అడిగేవాళ్లే ఉండరు."

గ్రాహమ్ లేచాడు. గుమ్మంలో దినేశ్ అడ్డంగా నిలబడ్డాడు.

అసలు పుస్తకాలు పోలీసులకు గ్రాహమ్ అటకమీద దొరికాయి. లెవిన్ ఒక్కొక్కటే తిరగేసి చుక్కలు చూస్తుంటే, హాసిని గోడకు ఆనుకుని తన గదిలోని సూట్‌కేసు గురించి ఆలోచిస్తోంది.

ఆయన లోపలికి వెళ్లి, దిండు కిందున్న సంచిక తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మా నాన్నకు ఎందుకు పెట్టలేదు?" అన్నాడు.