సాంచాల మోతలో లాగిన్ దొంగ

బుచ్చిరాములు గొంతు మెట్ల కింద నుంచే వినిపించింది. "గీడనేనా బిడ్డా, డిటెక్టివ్ సారుండేది?" అని ఆయన అడిగింది పక్కనున్న కూతురినే. కానీ కరీంనగర్ టవర్ సర్కిల్‌లో సగం మంది జవాబు చెప్పగలిగేంత గట్టిగా అడిగాడు.

తిరుమల నవ్వాపుకుంటూ తలుపు తీసింది. లోపలికి వచ్చిన అమ్మాయిని చూడగానే ఆ నవ్వు కాస్తా పోయింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. లాప్‌టాప్ సంచిని చంటిపిల్లలా గుండెకు హత్తుకుని నిలబడింది.

ప్రైవేటు పరిశోధకుడు విజయేందర్ తాగబోతున్న చాయ్ పక్కన పెట్టాడు. ఆయన దగ్గర సహాయకురాలిగా చేరినప్పటి నుంచీ తిరుమల కనిపెట్టిన సంగతి ఒకటుంది. సారు వేడి చాయ్ వదిలేశారంటే కేసు తీసుకున్నట్టే.

"నా పేరు స్వరూప సార్. మాది సిరిసిల్ల. ఇంటి కాడి నుంచే వెబ్ డెవలపర్ పని చేస్త. నేను దొంగను కాను సార్," అంది ఆ అమ్మాయి.

"కూసోమ్మా. ఎవలన్నరు దొంగవని?"

స్వరూప చెప్పిన కథ ఇది. కరీంనగర్‌లో జ్యోతిరాణి అనే ఆవిడకు చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. ఆమె తయారుచేసిన 'పత్తివరుస' అనే యాప్ ఆదిలాబాద్ రైతులకు ఫోనులోనే టోకెన్ ఇచ్చి, జిన్నింగు మిల్లుకు పత్తి ఏ రోజు తేవాలో చెబుతుంది. మిల్లు ముందు పడిగాపులు తప్పాయని రైతులు మెచ్చుకున్నారు. పత్తి సీజన్ జోరందుకునేలోపు దాన్ని మెరుగుపరచాలని, డెవలపర్లను జల్లెడ పట్టి పంపే ఒక సంస్థ ద్వారా జ్యోతిరాణి ఇద్దరిని పరీక్ష మీద తీసుకుంది. సిరిసిల్లలో స్వరూప, హైదరాబాద్‌లో మల్లేష్. ఇద్దరూ ఇళ్ల నుంచే పని చేస్తారు. నెల గడిచాక ఉద్యోగం మాత్రం ఒక్కరికే.

"మొన్న ఎవలో నా లాగిన్‌తోటి లోపల జొచ్చి, రైతులందరి టోకెన్లు ఒక్కరోజుకే మార్చిండ్రు సార్. ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడల మిల్లు ముంగట రోడ్డు నిండ ట్రాక్టర్లే. రైతులు కొట్టుకున్నరట. మేడమ్ కంపెనీ గ్రూపుల 'ఈ పని స్వరూప చేసింది' అని పెట్టింది. రేపు పోలీసు కేసు పెడ్తదట. గా సంస్థోళ్లు నా పేరు కొట్టేస్తే ఇగ నాకు యాడ పని దొరకది."

"పాస్‌వర్డ్ ఎవలికన్న చెప్పినవా?"

"మా అవ్వకు గూడ చెప్పలే."

"యాడన్న రాసుకున్నవా?"

"లే సార్. తలకాయలనే ఉంటది."

"సరే. నువ్వు చేసిన పని జర చూపియ్యి."

స్వరూప లాప్‌టాప్ తెరిచి టైపు చేయసాగింది. చేస్తున్నంతసేపూ ఆమె పెదవులు ఎక్కాలు వల్లించే బడిపిల్ల పెదవుల్లా కదిలాయి, శబ్దం మాత్రం లేదు. తిరుమలకు ముచ్చటేసింది. కానీ సారు తెరను వదిలి ఆ పిల్ల ముఖమే చూస్తుండటం ఆమెకు ఏమంత నచ్చలేదు.

"నా బిడ్డె అబద్ధమాడది సారూ!" అని బుచ్చిరాములు అన్న మాటకు కిటికీ అద్దాలు కదిలినంత పనైంది.

*

జ్యోతిరాణి ఆఫీసులో సీనియర్ డెవలపర్ కుమారస్వామి వీళ్లను చూడగానే మొదలుపెట్టాడు.

"నేను ముందుగాలనే చెప్పిన సార్. ఇంట్ల కూసొని పని చేసేటోళ్లను నమ్మొద్దని. మొకమెరుగని మనిషికి ఇంటి తాళంచెవులు ఇస్తమా?"

"స్వరూప పాస్‌వర్డ్ మీకు కనపడ్తదా?" అడిగాడు విజయేందర్.

"ఎవలదీ కనపడది. కొత్తది పెట్టొచ్చు గని, పెడితే జాడ ఉంటది. ఎవలూ పెట్టలే. వచ్చినోడు ఒక్కపాలి గూడ తప్పు కొట్టలే, మొదటి దెబ్బకే లోపలికొచ్చిండు. యాడికెల్లి వచ్చిండో తెల్వకుండ ముసుగేసుకున్నడు."

"మీ వీడియో మీటింగులు రికార్డయితయా?"

"అయితయి. మేడమ్, నేను, గా ఇద్దరు, మా నలుగురం ఎప్పుడన్న చూసుకోవచ్చు. స్వరూప పని చేసి చూపించేటప్పుడు తెర మూలకు ఆమె మొకం గూడ కనపడ్తది. మైకు మాత్రం ఎప్పుడూ బందే. ఇంట్ల గా మోత ఉంటది గద."

జ్యోతిరాణి నుదురు రుద్దుకుంది. "నాకూ కష్టంగనే ఉంది సార్. పని మల్లేష్ కన్న ఆ పిల్లదే బాగుంది. మొన్న మీటింగుల అందరి ముంగట అదే అన్న. గని రైతులకు నేనేం జవాబు చెప్పాలె?"

బయటికి రాగానే తిరుమల తీర్పు చెప్పేసింది. "కుమారస్వామే సార్. కొత్తవాళ్లొస్తే తన కుర్చీ కిందికి నీళ్లొస్తాయని భయం." విజయేందర్ కారు సిరిసిల్ల వైపు తిప్పమన్నాడు.

*

బుచ్చిరాములు ఇంట్లో నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలే అంటారు. వాటి మోతకు తిరుమల చెవులు దిమ్మెక్కిపోయాయి. చాయ్‌లో చక్కెర తక్కువ వేయమని స్వరూప చెవిలో నోరు పెట్టి అరవాల్సి వచ్చింది. స్వరూప అవతలి గోడ దగ్గరున్న తల్లి రాజక్క వైపు తిరిగింది. కాసేపటికి రాజక్క తెచ్చిన చాయ్‌లో చక్కెర సరిగ్గా తిరుమలకు కావాల్సినంతే ఉంది. విజయేందర్ తన చాయ్ చివరి చుక్క దాకా తాగి, తల్లీకూతుళ్లను చూసి ఎందుకో నవ్వాడు.

కరీంనగర్‌కు తిరిగి రాగానే ఆయన మల్లేష్‌ను వీడియో కాల్‌లో పిలిచాడు. తిరుమల ఆయన పక్కనే కూర్చుంది. మల్లేష్ మర్యాదస్తుడిలా ఉన్నాడు.

"స్వరూప మంచి పనిమంతురాలు సార్. ఎందుకట్ల చేసిందో నాకైతే సమజ్ కాలే."

"నీకు ఆమె పాస్‌వర్డ్ తెలుసా?"

"అయ్యో, నాకెట్ల తెలుస్తది సార్?"

విజయేందర్ బల్లమీదికి వంగి మౌస్ కదిపి, "చిన్నప్పుడు యాడ పెరిగినవు?" అన్నాడు.

"భీవండిల సార్."

"మంచిది," అంటూ ఆయన తల ఊపాడు. కాల్ ముగిసే ముందు తెర మీది మైకు బొమ్మకు అడ్డంగా ఎర్ర గీత ఉండటం తిరుమల చూసింది. పొరపాటున నొక్కి ఉంటారనుకుంది. తర్వాత సారు కుమారస్వామికి ఫోన్ చేసి ఏదో వెతికి చెప్పమన్నాడు.

*

మర్నాడు పొద్దున, జ్యోతిరాణి స్టేషన్‌కు బయల్దేరేలోపే, విజయేందర్ అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టాడు. ఆ ఒక్కచోటు కంప్యూటర్ తెరే. ఒక గడిలో జ్యోతిరాణి, కుమారస్వామి. ఒక గడిలో మల్లేష్. ఇంకో గడిలో తల్లిదండ్రుల మధ్య స్వరూప.

విజయేందర్ గొంతు సవరించుకుని, "మల్లేష్, నీ ఎన్క నిలబడ్డదెవరు?" అన్నాడు.

మల్లేష్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు.

"సార్, మీ మైకు బందుంది, మాకేం ఇనొస్తలేదు," అంది జ్యోతిరాణి.

మరుక్షణం సాంచాల మోతతో పాటు స్వరూప గొంతు వచ్చింది. "ఆయన ఎన్క ఎవ్వలు లేరు సార్!"

తిరుమల చటుక్కున మైకు బొమ్మ వైపు చూసింది, ఎర్ర గీత ఉంది. పక్కనే కూర్చున్న తనకు తప్ప ఆ మాట ఈ లోకంలో ఎవరికీ వినపడి ఉండకూడదు. మరి నిన్న భీవండి అన్న జవాబు? ఎర్ర గీత అప్పుడూ ఉంది కదా!

విజయేందర్ మైకు తెరిచాడు.

"మేడమ్, దొంగ దొరికిండు. సాంచాల నడుమ పుట్టి పెరిగినోళ్లకు మోతల మాట ఇనరాదు. పెదవులు చూసే మాట పట్టుకుంటరు. నిన్న రాజక్కకు స్వరూప చప్పుడు లేకుండనే చెప్పింది చక్కెర తక్కువెయ్యమని. గా ఇంట్ల పెరిగిన పిల్లకు ఇంకో అలవాటు గూడ ఉంది. టైపు చేసే ప్రతి అక్షరం పెదవులతోటి పలుకుతది. గా మోతల ఎవలింటరని ధైర్యం. తెర మీద పాస్‌వర్డ్ చుక్కలే కనపడ్తయి, మైకు బందే ఉంటది. గని మూలకు మొకం కనపడ్తనే ఉంటది. మొకం చదివేటోనికి గంతే చాలు."

"అందరూ చూస్తరు గద సార్, నేనొక్కన్నేనా?" అన్నాడు మల్లేష్.

"నువ్వు భీవండిల పెరిగినవు. ఈడికెల్లి భీవండికి పోయినోళ్లు సాంచాల పనికే పోయిండ్రని సిరిసిల్లల చిన్నపిల్లను అడిగినా చెప్తది. నేను మైకు బంద్ పెట్టి అడిగితే నిన్న జవాబు చెప్పినవు, ఇయ్యాల ఎన్కకు తిరిగినవు. కుమారస్వామిగారూ, గా రికార్డింగ్ సంగతి చెప్పుండ్రి."

కుమారస్వామి గొంతు ఈసారి మెత్తగా వచ్చింది. "స్వరూప లాగిన్ అయిన ముక్కను మల్లేషే మల్లమల్ల చూసిండు సార్. ఇంకెవలూ తెరవలే."

"పని నేర్చుకుందామని చూసిన," అన్నాడు మల్లేష్.

"మాట లేదు, తెర మీద చుక్కలు తప్ప ఏం లేదు. అండ్ల ఏం నేర్చుకున్నవు?"

 మల్లేష్ తల దించుకున్నాడు. "మా బాపు గూడ సాంచాల పనే సార్. ఉద్యోగం ఒక్కటే ఉండె. అందరి ముంగట మేడమ్ ఆమె పనే బాగుందనేసరికి మనసు కుళ్లింది. గంత లొల్లి అయితదనుకోలే."

"లొల్లి అయినంక గూడ ఆమె మీదనే పెట్టి ఊకున్నవు గద," అంది జ్యోతిరాణి. ఆమె ముఖం ఎర్రబడింది. "నీ సంగతి ఆ సంస్థతోటి, పోలీసులతోటి నేను మాట్లాడుత." మల్లేష్ గడి నల్లగా మారింది.

తిరుమలకు కుర్చీలో కుదురుగా కూర్చోవడం కష్టమైంది. చప్పట్లు కొట్టాలనిపించి చేతులు బల్ల కింద దాచుకుంది.

"స్వరూపా, పని ఎప్పట్నుంచి మొదలువెడ్తవు?" అడిగింది జ్యోతిరాణి.

"ఇప్పట్నుంచే మేడమ్. రైతుల టోకెన్లు మాపటిలోపు సక్కగ చేస్త. గని గ్రూపుల అందరి ముంగట నన్ను దొంగన్నరు. అందరి ముంగటనే కాదనాలె."

జ్యోతిరాణి తల ఊపి, కంపెనీ వాళ్లందరినీ, డెవలపర్లను ఏరి పంపే సంస్థ మనిషిని కూడా కాల్‌లోకి పిలిచింది. తెర నిండా గడులే. ఆమె నోరు తెరిచేలోపు బుచ్చిరాములు చెయ్యెత్తాడు.

"జర ఆగుండ్రి మేడమ్. పెదవులు చూసి చానా ఇన్నం. ఈ మాట నా చెవుల పడాలె."

ఆయన గడిలోంచి మాయమయ్యాడు. ఒక సాంచా ఆగింది. ఇంకోటి ఆగింది. కరెంటు పోతే తప్ప ఆగని మోత మొత్తం నిలిచిపోయింది. ఏమైందోనని పక్కిళ్లవాళ్లు వచ్చి గుమ్మంలో గుమిగూడారు. రాజక్క కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"స్వరూప దొంగ కాదు," అంది జ్యోతిరాణి. "గ్రూపుల నేను రాసింది తప్పు. ఆమెను నేను క్షమాపణ అడుగుతున్న. పత్తివరుస డెవలపర్ ఇగ ఆమెనే."

బుచ్చిరాములు గుమ్మంలో ఉన్న వాళ్ల వైపు తిరిగాడు. మోత లేకపోయినా ఆయన గొంతు తగ్గలేదు.

"ఇన్నరా? మేడమ్, ఎన్క నిలబడ్డోళ్లకు ఇనరాలేదట. ఇంకోపాలి చెప్పుండ్రి!"

ఈసారి జ్యోతిరాణి కుర్చీలోంచి లేచి నిలబడి, ఇంకా గట్టిగా చెప్పింది.