కరగని సిరా

అరకు రైల్వే స్టేషను ఎదుట మేడ మీద రెండు గదుల్లో ప్రైవేటు డిటెక్టివుగా పనిచేస్తున్న కృపావతి, అంతకుముందు ఇరవై రెండేళ్లు పోలీసు ప్రయోగశాలలో దొంగ దస్తావేజులు పరీక్షించింది. ఆ మంగళవారం ఉదయం ఆమె సహాయకురాలు డాలీ తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక గిరిజన స్త్రీ కూర్చుని ఉంది. ఒక వెదురు గొట్టాన్ని గుండెకు అదుముకుంది.

"నాను సోములమ్మనమ్మా. నా కాఫీతోట రిసార్టోలదంట. రేపు ఆపీసులో ఇచారణ. సర్వేయరు బాబు పాత పటం సూపిత్తాడంట. అందులో గెడ్డకి ఇవతలంతా ఆలదేనంట."

"మీ దగ్గర పటం లేదా?" అని అడిగింది కృపావతి.

"ఎందుకు నేదు? ఎనిమిదేళ్ల కిందట ఆ బాబే కొలిసి ఇచ్చినాడు. పొయ్యి మీద అటకలో, ఇత్తనాల పక్కన దాసినాను. పొగకి పురుగు పట్టదు, ఎలక ముట్టదు. మొన్న తుపానుకి కప్పు కారిపోయినాది."

గొట్టంలోని కాగితాన్ని బల్ల మీద పరిచారు. గీతలు, అంకెలు, గెడ్డ నీటిపాయ, హద్దురాళ్లు అన్నీ కలిసి నీలం మడుగయ్యాయి. తడవని ఒక్క మూలలో సర్వేయరు సర్వేశ్వరరావు ముద్ర, తేదీ మాత్రం నిలిచాయి.

"ఇందులో ఇంకేం మిగిలింది మేడమ్?" అంది డాలీ.

"సిరా ఎలాంటిదో తెలిసింది. పద."

ముగ్గురూ వెళ్లేసరికి సర్వేశ్వరరావు ప్రైవేటు సర్వే ఆఫీసులో వాదన జరుగుతోంది. పటాలు అచ్చేసే పాత ప్లాటరు మూలన గుడ్డ కప్పుకుని ఉంది. దాని పక్కన కొత్తది, పరీక్షించి చూసుకోమని డీలరు పంపినది, మెరుస్తోంది. డీలరు మనిషి సాయినాథ్ విశాఖ నుంచి నిర్ణయం కోసం వచ్చాడు.

"ముప్పై ఆరు అంగుళాలది సార్. ఊరంతా ఒక్క షీటు మీదే వస్తుంది. పిగ్మెంట్ సిరా, తడిసినా కరగదు. ఈ మంచులో మీకు కావలసింది అదే."

"నేనూ అదే మొత్తుకుంటున్నానండి," అన్నాడు పటాలు గీసే మోసెస్. "పాత దాని హెడ్డు ఎండిపోయి రెండు నెలలైంది. గీత గీస్తే చీమలబారులా వస్తోంది."

"నువ్వు ఆగవయ్యా," అని కసిరాడు సర్వేశ్వరరావు. "పట్టుకుపొమ్మన్నాను కదా. మాకు పాత రకమే చాలు."

కృపావతి నమస్కరించి తన పేరు చెప్పింది. "అచ్చేసి చూడకుండానే వద్దనుకున్నారా?"

"ఒక్క షీటు కూడా వెయ్యలేదండి. బిగించి ఉంచారంతే," అన్నాడు సర్వేశ్వరరావు.

"ఎప్పుడు బిగించారు?"

"శనివారం సాయంత్రం," అన్నాడు సాయినాథ్. "షీట్లు లెక్కపెట్టే మీటరు సున్నా చేసి విశాఖ వెళ్లిపోయాను. పొద్దున్న రైల్లో వచ్చాను."

"ఆఫీసు తాళాలు?"

"నా దగ్గరొకటి, సార్ దగ్గరొకటి," అన్నాడు మోసెస్. "ఆదివారం నేను రాలేదు మేడమ్. మా చర్చిలో కోత పండుగ. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా వేలం పాడింది నేనే. గుమ్మడికాయ దగ్గర మా అత్త నామీదే పోటీకొచ్చింది. ఊరంతా నవ్వింది."

రేపు విచారణలో పెట్టబోయే సోములమ్మ భూమి పటం చూపించమని కృపావతి అడిగింది. సర్వేశ్వరరావు బీరువా తీసి తెచ్చాడు. ఎనిమిదేళ్ల నాటి తేదీ, గోధుమరంగుకు తిరిగిన కాగితం. ఎండిన వడియాల గుడ్డలా అలలు తేలి ఉంది. కృపావతి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత వేలు తడిచేసి ఒక గీతను గట్టిగా రుద్దింది. వేలికి ఏమీ అంటలేదు.

"అందరూ కూర్చోండి," అంది.

సోములమ్మ ఒక్కతే నిలబడింది.

"ఈ కాగితం వయసు వల్ల రంగు మారలేదు. కాఫీ డికాషన్‌లో నానింది, అదీ చికోరీ కలవనిది. వాసన ఇంకా ఉంది. పాతదిగా కనిపించాలని ముంచారు. ఇప్పుడు ఆమె పటం చూడండి. అదే ఆఫీసు, అదే ఏడాది. నీళ్లు పడగానే కరిగింది. ఇది నిండా మునిగినా ఒక్క గీత చెదరలేదు. అంటే పాత ప్లాటరుది కాదు. కరగని సిరా ఈ గదిలో శనివారం నుంచే ఉంది. సాయినాథ్, మీటరు చూడండి."

సాయినాథ్ బటన్లు నొక్కాడు. "ఒక షీటు. ఆదివారం పొద్దున్న పదకొండూ నలభై."

"ఆ వేళకు సాయినాథ్ విశాఖలో ఉన్నాడు, అతని దగ్గర తాళం లేదు. మోసెస్ ఊరందరి ముందు గుమ్మడికాయ వేలం పాడుతున్నాడు. మిగిలిన తాళం మీది. ఒక్క షీటూ వెయ్యలేదని చెప్పిందీ మీరే."

సర్వేశ్వరరావు తన తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

"నా లైసెన్సు రెన్యువల్ ఆపించారండి. ఆ రిసార్టువాళ్లే, బినామీ పేరుతో పక్క భూమి తీసుకున్నవాళ్లు. పటం ఇస్తేనే సంతకం అవుతుందన్నారు."

"అయితే నా తోట నాకొచ్చినట్టేనా అమ్మా?" అంది సోములమ్మ.

కృపావతి సర్వేశ్వరరావు వైపు తిరిగింది. "కంప్యూటర్లో అసలు ఫైలు ఏదండీ?"

"దానిమీదే గీతలు మార్చి సేవ్ చేశాను. కొలతల పుస్తకం కాల్చేశాను."

"హద్దురాళ్లు?"

"నిన్న జేసీబీ ఎట్టి పీకేసినారు," అంది సోములమ్మ. "సుట్టూ కంచె ఏసేసినారు. గేటు ఎట్టడమొకటే మిగిలినాది."

కృపావతి విచారణాధికారికి ఫోను చేసి అంతా చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. దొంగ పటాన్ని పక్కన పెడతామన్నాడు, సర్వేయరు మీద కేసు పెట్టమన్నాడు. కానీ హద్దు చూపించే కాగితం ఇప్పుడు ఎవరికీ లేదు కాబట్టి, మళ్లీ సర్వే జరిగేదాకా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. సర్వేకు ముందు వరసలో నలభై ఊళ్లున్నాయి.

ఆమె ఏదీ దాచకుండా సోములమ్మకు చెప్పింది.

"ఉన్నది ఉన్నట్టంటే, కంచె ఉంటాదా?"

"ఉంటుంది."

సోములమ్మ కొంగు బిగించింది. "గేటు ఇయాలే తెత్తారు. బేగి ఎల్లాలి. కాయ దూసేత్తాను."

"ఇంకా పచ్చిగానే ఉంది కదమ్మా," అంది డాలీ. "పచ్చికాయ ఎవరు కొంటారు?"

"ఎవులూ కొనరు గుంటా. ఎర్రబడినాక రిసార్టోలు కోసుకోడానికా, నాను ఏసినాను?"

మధ్యాహ్నం మూడింటికి ముగ్గురూ తోటలో ఉన్నారు. కృపావతికి కాఫీ కాయ కోయడం రాదు. కొమ్మ విరగకుండా ఎలా దూయాలో సోములమ్మ ఒకసారి చూపించి ముందుకు పోయింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో మూడు వరసలు అయిపోయాయి. ఆకుపచ్చ కాయలు గోనె పట్టా మీద టపటప రాలుతున్నాయి.

నాలుగో వరస సగంలో ఉండగా ట్రాక్టరు మీద గేటు వచ్చింది. దించిన మనుషులు ఇద్దరూ పక్క ఊరివాళ్లే. సోములమ్మను చూసి తలలు వంచుకున్నారు. వాళ్లు కేకలు వెయ్యలేదు, తొందరపెట్టలేదు. గేటును స్తంభానికి ఆనించి, లోపలున్న ఆడవాళ్లు బయటికి వచ్చేదాకా ఆగారు.

వచ్చాక బిగించారు.